మూడో నంబరు చుట్టం

కళింగపట్నం అనే ఊరొకటి ఉందని తెలుగువాళ్లకు గుర్తుచేసేది తుపాను. బంగాళాఖాతంలో గాలి కాస్త సుడి తిరగగానే ‘కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అంటూ టీవీలో కింద పట్టీ పరుగెడుతుంది. సరుకు ఓడ మొహం చూసి తరాలు గడిచిన రేవు మాది. వంశధార సముద్రంలో కలిసేచోట లైట్‌హౌస్ ఉంది, ఇసుక ఉంది, చేపల పడవలున్నాయి. ఓడ ఒక్కటే లేదు. రాని ఓడలకు హెచ్చరిక మాత్రం ఠంచనుగా ఎగురుతుంది. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను మా ఊరి దగ్గర్లోనే తీరం దాటింది. రాత్రిపూట దిగి, ఎవరి ఇల్లని చూడకుండా లోపలికి దూరిన ఆ ఒక్క చుట్టానికి మాత్రం ఏ ఇంటి ఓనరూ రూల్సు చెప్పలేకపోయాడు. మిగతా చుట్టాలందరికీ చెబుతాడు.

ఆ హెచ్చరికల పట్టిక ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటుంది. వాతావరణ శాఖ దాన్ని ఓడల కోసం పెట్టుకుంది. అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తున్నది మాత్రం విశాఖపట్నం, శ్రీకాకుళం, విజయనగరాల్లో వాటాలు అద్దెకిచ్చే ఓనర్లు. అసలు పట్టికలో ఒకటి, రెండు నంబర్లు దూరాన ఎక్కడో గాలి లేచిందనడానికి. ఓనరు గారి పట్టికలో అది ఫోను. అద్దెకున్నవాడు వరండాలో నిలబడి “ఎప్పుడు బయలెల్తన్నారు? సంచులెన్ని?” అన్నాడంటే కింద వాటాలో పేపరు చదువుతున్న ఆయనకు దూరపు ఉరుము వినపడినట్టే. మూడో నంబరు స్థానిక హెచ్చరిక. మెట్ల దగ్గర తెలియని జత చెప్పులు కనపడితే ఎగురుతుంది. ఐదు నుంచి ప్రమాదం కిందే లెక్క: దండెం మీద ఇంట్లోవాళ్లది కాని తువ్వాలు, పొద్దున్నే బాత్రూంలో కొత్త దగ్గు, మోటారు వేసిన గంటకే ఖాళీ అయిన ట్యాంకు. ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. పురిటికొచ్చిన కూతురు, ఆమెకు తోడొచ్చిన పిన్ని, వాళ్లను చూడ్డానికొచ్చిన ఊరు. పదకొండో నంబరుకు అర్థం వేరే. హెచ్చరించే కేంద్రంతో సంబంధాలు పూర్తిగా తెగిపోయాయని. ఓనరు గారి పదకొండో నంబరూ అదే. ఆయన మాట్లాడ్డం మానేస్తారు. మోటారు స్విచ్ ఉన్న గదికి తాళం పడుతుంది. కుళాయి తిప్పితే గాలి వస్తుంది.

మా గార మండలం నుంచి విశాఖపట్నానికి వచ్చేవాళ్లు విహారానికి రారు. బీచ్ మా ఊళ్లోనే ఉంది, చూసి చూసి విసుగెత్తింది. వాళ్లొచ్చేది పెద్ద సర్కారీ ఆస్పత్రి కేజీహెచ్‌కి. శ్రీకాకుళంలో చూసిన డాక్టరు “విశాఖ తీసుకెళ్లిపోండి” అని చీటీ రాసిస్తాడు. ఆ చీటీ పట్టుకుని ఊరి నుంచి శ్రీకాకుళం, అక్కడ కాంప్లెక్స్‌లో బస్సు మారి విశాఖ కాంప్లెక్స్‌లో దిగి, ఓపీ వరస చివర నిలబడేసరికి మధ్యాహ్నమవుతుంది. అప్పుడు చెబుతారు: రక్తపరీక్షకు రేపు పొద్దున్నే, ఏమీ తినకుండా రావాలని. పరగడుపున పొద్దున్నే కేజీహెచ్ మెట్లెక్కాలంటే ఆ రాత్రి విశాఖపట్నంలోనే ఎక్కడో ఒకచోట తల వాల్చాలి కదా. ఎక్కడ? లాడ్జిలో పడుకునే స్తోమతుంటే కేజీహెచ్‌కే ఎందుకొస్తాడు? అన్నకొడుకు మద్దిలపాలెంలోనో అక్కయ్యపాలెంలోనో రెండు గదుల వాటాలో ఉంటాడు. అక్కడికే వెళతాడు. ఇది ఉత్తరాంధ్ర ప్రజారోగ్య వ్యవస్థలో భాగం. ఏ బడ్జెట్‌లోనూ కనపడదు గానీ, మా జిల్లా రోగుల రాత్రి పడకలు నడుస్తున్నది మేనల్లుళ్లు, అన్నకొడుకులు, తోడల్లుళ్లు అద్దెకున్న ఇళ్ల హాళ్లలోనే, చాపల మీద. ఆ చాపనే ఓనరు గారు లెక్కపెడుతున్నది.

“ఏం లేదు మాస్టారూ, ఊరికే అడుగుతున్నా. ఎన్నాళ్లుంటారు?”

ఈ ‘ఏం లేదు’లో ఉన్నంత విషయం భారత రాజ్యాంగంలో కూడా లేదు. ఆయన మెట్ల మీద నిలబడి అడుగుతాడు, తలుపు లోపలికి రాడు. పైకి వెళ్లే దారి, కిందికి దిగే దారి రెండూ ఆయన భుజాల మధ్యనే ఉంటాయి. అద్దెకున్నవాడు నవ్వుతాడు. “రేపే వెళ్లిపోతారండి.” హాల్లో చాప మీద కూర్చున్న పెద్దమ్మకు ఆ మాట వినపడుతుంది. ఆవిడ సంచిలోంచి తీయబోయిన రెండో చీరను మళ్లీ లోపల పెట్టేస్తుంది. “ఏటి బావూ, నానొచ్చి నీకు ఇబ్బంది సేసినానేటి?” అని అడుగుతుంది. ఏం చెబుతాడు? అడ్వాన్సు తిరిగి ఇవ్వనంటున్నాడని చెబుతాడా?

ఈ రూలు ఎక్కడ రాసుందో చూద్దామని అగ్రిమెంటు తీసి చూస్తే నవ్వొస్తుంది. స్టాంపు పేపరు, కింద డీటీపీ సెంటరువాడి కంప్యూటరులో ఎప్పటినుంచో పడున్న నమూనా. పదకొండు నెలలు. ఎందుకు పదకొండంటే, ఏడాది మించిన లీజును రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మొదట్లో చెప్పింది కాబట్టి, దాన్ని తప్పించుకోడానికి ఒక నెల కోసేశారు. చట్టానికి భయపడి ఏడాదిలో ఓ నెలనే మింగేసిన జాతి మనది. ఆ కాగితంలో గోడకు మేకు కొట్టకూడదని ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించాలని ఉంటుంది. ప్రతి ఏటా ఎంత శాతం పెంచాలో ఉంటుంది, పదకొండు నెలలకే ముగిసే కాగితంలో! రాత్రిపూట పడుకునే చుట్టం గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. ఆ చట్టం మెట్ల మీదే పుడుతుంది, మెట్ల మీదే సవరణలు పొందుతుంది. మొదట్లో “చుట్టాలు రావొచ్చు, మనవాళ్లే కదా” అని మొదలవుతుంది. రెండో నెలలో “రావొచ్చు, ఉండకూడదు” అవుతుంది. వేసవిలో “ఆడవాళ్లయితే ఒక రాత్రి”. దసరాకి “ముందు చెప్పాలి”. సంక్రాంతికి “మా చుట్టాలొస్తున్నారు, మీరే ఊరెళ్లిపోండి”.

అసలు చట్టాల సంగతి చూడండి. మన పాత చట్టం, 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం, అద్దెకున్నవాణ్ని ఖాళీ చేయించడానికి కొన్ని కారణాలు చెప్పింది. అద్దె ఎగ్గొట్టడం, రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, ఇంటిని పాడుచేయడం, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం. మేనమామ వచ్చి నిద్రపోవడం అందులో లేదు. మేనమామ గురక ఇరుగుపొరుగుకు ఇబ్బంది కిందికొస్తుందని వాదించే ప్లీడరు విజయనగరంలో దొరకొచ్చు, అది వేరే సంగతి. ‘ఇంకొకరికి అద్దెకివ్వడం’ అంటే తాళంచెవి చేతిలో పెట్టి తాను తప్పుకోవడమని, ఇల్లు తన అధీనంలోనే ఉంచుకుని చుట్టానికి చోటివ్వడం కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంది. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు నోటీసివ్వాలంది. గొడవలొచ్చాయని నీళ్లు, కరెంటు ఆపకూడదంది. చాపలు లెక్కపెట్టే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. ఎటొచ్చీ అది నమూనా. మన దేశంలో నమూనా చట్టమంటే షోకేసులో బొమ్మకు కట్టిన చీర, చాలా రాష్ట్రాలు ధర అడిగి ముందుకు వెళ్లిపోతాయి.

ఇంకో తమాషా. రేపు ఏ జపాన్‌వాడో సాలిహుండం బౌద్ధస్తూపాలు చూడ్డానికొచ్చి మన ఇంట్లో పడుకుంటే, ప్రభుత్వానికి 24 గంటల్లో ఒక ఫారం నింపి పంపిస్తే సరిపోతుంది. విదేశీయుడికి ఒక ఫారం చాలు. కళింగపట్నం పెద్దమ్మకు మాత్రం పుట్టుపూర్వోత్తరాలు కావాలి. ఏ వీధి, ఏం చేస్తారు, ‘మీరేమవుతారు’. సాలిహుండం కొండ మీద భిక్షువులు వానాకాలం మూడు నెలలు ఒక్కచోటే ఉండేవారు. వాళ్లకు మన ఓనరొకడు తగిలుంటే బౌద్ధం రెండో రోజు పొద్దున్నే మూటాముల్లె సర్దుకుని ఉండేది.

ఆ ‘మీరేమవుతారు’ దగ్గర కాస్త ఆగాలి. అసలు కిటుకంతా అక్కడుంది.

ఇల్లు చూసుకోడానికి వెళ్లినప్పుడు అద్దెకు దిగేవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. మాట సరిచేసుకుంటాడు. ‘ఏటి’ని ‘ఏమిటి’ చేస్తాడు, ‘సూడండి’ని ‘చూడండి’ చేస్తాడు. కంపెనీ ఐడీ కార్డు చూపిస్తాడు. ఇంటిపేరు పొడి అక్షరంలో దాక్కుంటుంది. ఓనరు గారు ఎటు తిప్పి అడిగినా దొరకడు. “మీరూ…?” అని సాగదీస్తే “మేము శ్రీకాకుళమండీ” అంటాడు. ఆ ప్రశ్నకు ఇంతకన్నా మర్యాదైన జవాబు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. ఇద్దరూ నవ్వుకుంటారు, అడ్వాన్సు చేతులు మారుతుంది. మూడు వారాల తర్వాత ఊరి నుంచి చిన్నాన్న వస్తాడు. చిన్నాన్న ఇస్త్రీ చేసుకోడు. గేటు దగ్గరే గట్టిగా, వేటకెళ్లి పడవ మీంచి కేకేసే గొంతుతో పేరుపెట్టి పిలుస్తాడు. చేతిలో గోనెసంచి, అందులో అన్నకొడుక్కి ఇష్టమని ఎండు నెత్తళ్లు, కవళ్లు. పై మెట్టెక్కేలోపే మూడు వారాలుగా దాగిన పొడి అక్షరం విడిపోతుంది. ఓనరు గారికి కావలసిన సమాచారం అడక్కుండానే వచ్చేసింది.

చుట్టాల రూలు పుట్టింది నీళ్ల ట్యాంకులో కాదు. కులం అడగడం ఈ రోజుల్లో బాగోదు కదా. బోర్డు మీద రాస్తే ఫోటో తీసి పెడతారు. ‘శాకాహారులకు మాత్రమే’ అన్న మాట కొంత పని చేస్తుంది గానీ వడబోత పూర్తికాదు. రాత్రికుండే చుట్టం ఆ పని పూర్తిచేస్తాడు. జీతం ఉన్న మనిషి కావాలి, ఆ మనిషిని కన్న వీధి వద్దు. నెల మొదట్లో ఫోనుకొచ్చే అద్దెకు వాసన ఉండదు. అదిచ్చేవాడి చిన్నాన్నకు ఉంటుంది.

మొన్నామధ్య ‘తండేల్’ సినిమా వచ్చింది. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లి, సముద్రంలో హద్దు దాటారని పాకిస్తాన్‌కు చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల కథ. పొట్టకూటికి దేశం ఆ చివరికి వలసపోయి, పడవల్లోనే వండుకుని పడవల్లోనే పడుకునే మా జిల్లా మనుషులు. ఏడాదికి పైబడి కరాచీ జైల్లో ఉండి 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద కాలుపెట్టారు. సినిమా హాల్లో ఓనరమ్మ గారు కళ్లొత్తుకున్నారు. ఇంటర్వెల్‌లో ఒకసారి, చివర్లో ఒకసారి. తిరిగొచ్చి స్కూటీ స్టాండు వేస్తూ పై వాటావైపు ముక్కెగరేసి “ఎవరొచ్చారు మళ్లీ? వాసన మా హాల్లోకొస్తోంది” అన్నారు. తెర మీద మత్స్యకారుడికి వాసన రాదు, అదీ సినిమాలోని గొప్ప. మావాళ్లను ‘ఎన్నాళ్లుంటారు’ అని అడక్కుండా అన్నాళ్లు ఉంచుకున్న గడప ప్రపంచంలో ఇప్పటిదాకా కరాచీ జైలు ఒక్కటే కనపడుతోంది.

చరిత్ర మాకు తెలుసంటారు ఓనర్లు. విజయనగరం ఓనరైతే గురజాడనే సాక్ష్యానికి పిలుస్తాడు. “గిరీశాన్ని ఇంట్లో పెట్టుకుంటే ఏమైందండీ?” నిజమే. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కం, చుట్టరికం కూడా లేని ఒక మనిషి శిష్యుడి వెంటబడి అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో సెలవులకు దిగితే ఏమవుతుందో చూపించిన నాటకం. బుచ్చమ్మను లేవదీసుకుపోయాడు. అవధాన్లు గారు గేటుకు తాళం వేసి ఒక్క రాత్రి రూలు పెట్టుంటే నాటకం రెండో అంకంలోనే మంగళం పాడేది, తెలుగు సాహిత్యానికి ఆ బాధ తప్పేది. కానీ ఓనరు గారు ఒకటి గమనించాలి. గిరీశానికి ఇంగ్లీషొచ్చు, జులపాలున్నాయి, మాట చక్కగా ఉంది. నేడు వాటా అడగడానికొస్తే మన ఓనరు ఆ మనిషినే ఎంచుకుంటాడు. కళింగపట్నం చిన్నాన్నను గేటు బయట నిలబెట్టి, గిరీశానికి కాఫీ ఇచ్చి, మోటారు స్విచ్ ఎక్కడుందో కూడా చూపిస్తాడు.

ఒంటరిగా ఉద్యోగం చేసుకునే ఆడపిల్ల అద్దెకుంటే పట్టిక పూర్తిగా మారిపోతుంది. అన్న వచ్చినా ఆధార్ చూపించాలి. తండ్రి వస్తే ‘పెద్దాయన బాగున్నారా’ అని పలకరిస్తూనే మొహంలో పోలిక వెతుకుతారు. సహోద్యోగి పుస్తకమిచ్చి పోవడానికొస్తే వీధంతా మేల్కొంటుంది. రాత్రి తొమ్మిదికి ఓనరమ్మ గారికి హఠాత్తుగా పై డాబా మీద వడియాలు గుర్తొస్తాయి. అమెరికాలో అలబామా రాష్ట్రం ఒకప్పుడు ఇదే పని సర్కారీగా చేసింది. పిల్లలున్న పేద తల్లి ఇంటికి మగమనిషి వచ్చిపోతున్నాడని తెలిస్తే ఆ పిల్లలకిచ్చే సాయం ఆపేసేది. 1968లో వాళ్ల సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టిపారేసింది. వడియాల మీద ఆ తీర్పు వర్తించదు.

హైదరాబాదు అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్లవాళ్లు కనీసం నిజాయతీపరులు. గోడమీదే రాస్తారు, గెస్టుకు రాత్రికి ఇంత అని. డబ్బు కట్టు, పడుకో. తమ్ముడు పరీక్ష రాయడానికొస్తే ఆ రాత్రి వాడు తమ్ముడు కాదు, బిల్లు. అందులో అవమానం ఉందో లేదో గానీ నటన లేదు.

అన్నిటికన్నా ఘోరం పురుడు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని మన ఆచారం. పుట్టిల్లు అద్దెదైతే? ఏడో నెలలో కూతుర్ని తీసుకొస్తారు. ఓనరమ్మ గారు పసుపు కుంకుమ పెట్టి, గాజులు తొడిగి, కిందికి దిగుతూ గుమ్మంలో ఆగి మెల్లగా అడుగుతారు: “అమ్మాయి ఎన్ని నెలలుంటుంది? అద్దె నలుగురికని మాట్లాడుకున్నాం కదా.” ఆ ఇంట్లోనే పుట్టి పెరిగి, ఆ గోడ మీదే ఎత్తు గీతలు గీయించుకున్న పిల్ల పెళ్లయ్యాక అగ్రిమెంటు ప్రకారం చుట్టం. పుట్టబోయేది ఇంకా కడుపులోనే ఉంది, దాని తలకు నీళ్ల చార్జీ అప్పుడే లెక్కకట్టేశారు.

సరిగ్గా ఆ సమయంలో ఓనరు గారి కూతురు డాలస్‌లో నెలలు నిండి ఉంటుంది. ఆయనా ఆవిడా విమానమెక్కుతారు, సంచుల్లో పురిటి కారం, ఆవకాయ, జీడిపప్పు. అమెరికా ప్రభుత్వం పాస్‌పోర్టు చూసి, నవ్వి, మామూలుగా ఆరు నెలలుండమంటుంది. అల్లుడు అద్దెకున్న అపార్టుమెంటు లీజు ఒప్పుకోదు. అతిథులు 14 రోజులకు మించి ఉంటే ముందుగా అనుమతి తీసుకోవాలని రాసుకోవడం అక్కడి లీజుల్లో మామూలే. అగ్రరాజ్యం ఆరు నెలలిచ్చింది, అపార్టుమెంటు ఆఫీసు రెండు వారాలిచ్చింది. అంతటితో మన ఓనరు గారి జీవితంలో కొత్త శకం మొదలవుతుంది. పదిహేనో రోజు నుంచి ఆఫీసు ముందు నుంచి నడవకూడదు. పార్కులో ఎవరైనా పలకరిస్తే ‘జస్ట్ విజిటింగ్’ అనాలి, ఎప్పుడొచ్చారో చెప్పకూడదు. కుళాయి బాగుచేసేవాడు వస్తే ఇద్దరూ పడకగదిలోకెళ్లి తలుపేసుకుని కూర్చోవాలి. పోపు పెట్టేముందు కిటికీలు మూయాలి. ఆయన చెప్పులు బయట విడవడానికి భయపడే రోజు కూడా వస్తుంది. అక్కడి నుంచి వీడియో కాల్ చేసి “వీళ్లకు మానవత్వం లేదు మాస్టారూ, కన్న తల్లిదండ్రుల్ని లెక్కపెడతారు” అని వాపోతారు. అలా వాపోతూనే చివర్లో అడుగుతారు: “అన్నట్టు మోటారు ఎక్కువసేపు ఆడుతోందని వాచ్‌మన్ చెప్పాడు. ఎవరైనా వచ్చారా?”

ఆ అమెరికాలోనే న్యూయార్క్ రాష్ట్రం 1983లో ఒక చట్టం చేసింది. అద్దెకున్న మనిషి తన కుటుంబంతోపాటు ఇంకొకర్ని ఉంచుకోవచ్చు, ఓనరు కాదనడానికి వీల్లేదు. జర్మనీలో రాత్రి అతిథుల్ని ఓనరు నిషేధించలేడు. సుమారు ఆరు వారాల దాకా ఉన్నవాణ్ని అతిథిగానే చూస్తారు. ‘అతిథి దేవోభవ’ మన ఉపనిషత్తులో ఉంది. అమలు మాత్రం బెర్లిన్‌లో జరుగుతోంది.

నీళ్ల మాట నేను దాటేయను. వేసవిలో విశాఖపట్నంలో నీళ్ల కష్టం కల్పితం కాదు, ట్యాంకరు కోసం వీధి చివర కాపలా కాసినవాళ్లకు తెలుసు. ట్యాంకరుకు వాటా వేసుకోండి, ఇస్తాం. కరెంటుకు సబ్‌మీటరు ఎలాగూ ఉంది, చిన్నాన్న వేసుకున్న ఫ్యాను అందులో తిరుగుతూనే ఉంటుంది. ఇవి లెక్కల్లో తేలే విషయాలు. ఆదివారం పొద్దున్న కారు మీద పైపు పెట్టి గంటసేపు తడిపే మనిషి, పెద్దమ్మ రెండో చెంబు దగ్గర పర్యావరణం గురించి మాట్లాడితేనే మింగుడు పడదు.

ఇంతకన్నా తక్కువ మాటల్లో చెప్పాల్సింది ఇంకొకటుంది. అద్దెకున్నవాడు చనిపోతే శవాన్ని ఇంటికి తేనివ్వని ఓనర్లు మన ఊళ్లలో ఉన్నారు. ఇరవయ్యేళ్లు అద్దె కట్టిన మనిషిని ఆస్పత్రి నుంచి నేరుగా శ్మశానానికో, వానలో రోడ్డు పక్క టెంటు కిందికో తీసుకెళ్లాలి. గృహప్రవేశం నాటి ముహూర్తం చెడుతుందట. ఇది ఎవరికీ కొత్త వార్త కాదు, అందుకే పేపర్లో కూడా లోపలి పేజీలోనే వస్తుంది.

ఇవన్నీ తప్పని ఓనర్లకు తెలీదనుకోవడం అమాయకత్వం. తెలుసు కాబట్టే రాయరు. మేకు గురించి రాసినవాడికి, పెయింటు గురించి రాసినవాడికి, చుట్టం గురించి రాయడానికి సిరా అయిపోయిందంటే ఎవరు నమ్ముతారు? కాగితం మీద పెడితే ఎవరైనా చదువుతారు, కోర్టులో చూపిస్తారు. మెట్ల మీద చెప్పిన మాటకు సాక్షి ఉండడు, గోడకు తగిలి పోతుంది.

అయ్యా ఓనర్లూ, రాయండి. ‘అద్దెదారుని తల్లి ఒక రాత్రికి మించి ఊపిరి పీల్చరాదు. పెళ్లయిన కూతురు కన్నబిడ్డ ఈ ఆవరణలో ఏడవరాదు. సముద్రం వైపు నుంచి వచ్చే బంధువులు సంచులు బస్టాండులోనే వదిలి రావలెను. అద్దెదారుని కులము పదకొండు నెలల కాలములో బయటపడినచో అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు.’ డీటీపీ సెంటరువాడికి చెబితే అరగంటలో కొట్టిస్తాడు. స్టాంపు పేపరు ఖర్చు మాదే. సాక్షి సంతకాలకు మా పెద్దమ్మా చిన్నాన్నా కళింగపట్నం నుంచి వస్తారు. కంగారు పడకండి, పొద్దున్న బస్సుకొచ్చి సాయంత్రం బస్సుకే వెళ్లిపోతారు.